మే నెల ఎండలో ఏటిగట్టు పరుగు: ఆతిథ్యం నిండుగా ఉంది, చల్లబరిచే ఏర్పాటు పెరగాలి

రోహిణి కార్తె ప్రవేశించిన తరువాత, మే నెల చివరి ఆదివారం నాడు, కోనసీమ ఎగువ కొసన ఆత్రేయపురం పరిసరాల్లో నిర్వహించిన 30 కిలోమీటర్ల ట్రయిల్ రన్ (మట్టి దారుల మీద పరుగు) గురించి రాస్తున్న సమీక్ష ఇది. లొల్ల లాకుల దగ్గర మొదలై, కాలువ గట్టు మీదుగా కొంత దూరం సాగి, పుంతల (పొలాల మధ్య బండి దారుల) గుండా గోదావరి పాయ అయిన వశిష్ఠ ఏటిగట్టు ఎక్కి, అక్కడి నుంచి లంకలోకి (ఏటి లోపలి దిబ్బ నేలలోకి) దిగి, ఇసుక తిన్నెల మీదుగా మళ్లీ గట్టెక్కి లాకుల వద్దకే చేరుకునే దారి అది. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చూసిన లోటుపాట్లు ఆ ఒక్క బృందానికే పరిమితమైనవి కావు. ఎండాకాలంలో మన ప్రాంతంలో పరుగు నిర్వహించాలనుకునే ఎవరైనా ఆలోచించవలసినవి. దారి ఎంపికకు, దారిపొడవునా దొరికిన ఆదరణకు నిండు మార్కులు వేస్తాను. బయలుదేరే వేళకు, వడదెబ్బ తగిలిన మనిషిని చల్లబరిచే ఏర్పాటుకు సగం మార్కులు కూడా వేయలేను. మొత్తం మీద ఐదింటికి మూడున్నర.

ముందుగా ఎండ గురించి చెప్పాలి. డెల్టా ఎండను ఉష్ణోగ్రత అంకెను బట్టి మాత్రమే అంచనా వేసుకుని వచ్చేవారు ఇక్కడ బాగా ఇబ్బంది పడతారు. పరుగెత్తుతున్నప్పుడు ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవడానికి ప్రధానమైన మార్గం చెమట ఆరడమే. చెమట కారి నేల మీద పడిపోతే ఒంటికి చలవ చేయదు. గాలిలో తేమ పెరిగేకొద్దీ చెమట ఆరడం తగ్గిపోతుంది. 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే అంకె, సుమారు 24 డిగ్రీలు ఉంటుంది. 36 డిగ్రీల ఎండలోనే తేమ 60 శాతం ఉంటే అది 29 దాటిపోతుంది. అనంతపురంలోనో రామగుండంలోనో 42 డిగ్రీలలో సాధన చేసిన వ్యక్తి కోనసీమ 36 డిగ్రీలను తేలికగా తీసుకోకూడదనడానికి కారణం ఇదే. వాతావరణ శాఖ కూడా వడగాడ్పులను ప్రకటించేటప్పుడు మైదాన ప్రాంతాలకు 40 డిగ్రీలను, తీర ప్రాంతాలకు 37 డిగ్రీలను కనీస హద్దుగా తీసుకుంటుంది. ఉక్కపోత మనిషిని ఎంత కుంగదీస్తుందో ఇక్కడ పుట్టి పెరిగిన వారికి ఎవరూ చెప్పనక్కరలేదు, కానీ పరుగు కోసం హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చేవారికి చెప్పి తీరాలి. నిర్వాహకులు పంపిన సూచనల పత్రంలో ఈ విషయం ఒక్క వాక్యమైనా లేదు.

బయలుదేరే చోట ఒక బోర్డు మీద ఉష్ణోగ్రత రాసి పెట్టారు. అది సెల్‌ఫోనులో చూసి రాసిన అంకె. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బ కేసులను తగ్గించడానికి రూపొందించిన వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ (WBGT) అనే సూచిక ఒకటి ఉంది. నీడలో గాలి వేడికి అందులో ఉన్న వాటా 10 శాతమే. సూర్యరశ్మి వేడికి 20 శాతం, తడి బల్బు ఉష్ణోగ్రతకు 70 శాతం వాటా ఉంటాయి. ఈ సూచికను నేరుగా చూపించే చేతి పరికరాలు బజారులో దొరుకుతున్నాయి. పరుగును కొనసాగించాలా, దూరం తగ్గించాలా, ఆపేయాలా అన్న నిర్ణయం ఆ అంకెను బట్టి జరగాలి. ఏ అంకె దాటితే ఏం చేస్తారో ముందు రోజే అందరికీ చెప్పి ఉంచితే, ఉదయం ఎనిమిది గంటలకు ఎవరితోనూ వాదించవలసిన పని ఉండదు.

దారి విషయానికి వస్తే, ఇంత వైవిధ్యమున్న 30 కిలోమీటర్లు మన రాష్ట్రంలో అరుదుగా దొరుకుతాయని నమ్ముతున్నాను. డెల్టాలో కొండలు లేవు కాబట్టి ట్రయిల్ రన్ అనే మాట ఇక్కడ నప్పదనుకునేవారు ఒకసారి వచ్చి చూడాలి. కాలువ గట్టు మీద మట్టి గట్టిపడి అడుగుకు ఆధారంగా ఉంటుంది. పుంతల్లో ట్రాక్టరు చక్రాల గాడుల మధ్య గట్టిగా ఎండిన ఒండ్రు మట్టి పెళ్లలు చీలమండను మెలిపెడతాయి. కళ్లు నేల మీద నుంచి తీయడానికి వీలుండదు. కొబ్బరి తోటల్లో ఎండ పడదు గానీ గాలి కూడా ఆడదు. కొబ్బరి చెట్ల మధ్య అంతర పంటగా కోకో వేసిన చోట ఉక్క మరింత ఎక్కువ. నీడలోకి వచ్చామన్న సంతోషంతో వేగం పెంచినవారు తోట దాటేసరికి తడిసి ముద్దవుతారు. ఏటిగట్టు మీద పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది: నెత్తిన ఎండ ఉంటుంది, కానీ నది మీది నుంచి గాలి వీస్తుంది. నా అనుభవంలో తోటలో నెమ్మదించి గట్టు మీద వేగం పుంజుకోవడమే సరైన పద్ధతి. లంకలోకి దిగాక అరటి తోటలు, కూరగాయల మళ్లు దాటితే ఇసుక మొదలవుతుంది. అడుగు లోపలికి దిగబడుతుంది, కింది నుంచి సెగ కొడుతుంది, కనుచూపు మేరలో చెట్టు ఉండదు. ఈ పరుగులో అసలైన పరీక్ష ఆ ఇసుకలోనే ఉంది, నిర్వాహకుల ఏర్పాట్లకు కూడా.

ప్రచార పత్రంలో వేసిన బొమ్మలో కాలువ నిండుగా, గట్టును ఒరుసుకుంటూ ప్రవహిస్తూ కనిపిస్తుంది. ఆ ఫొటో ఏ సంక్రాంతి రోజుల్లోనో తీసినది అయి ఉండాలి. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక డెల్టా కాలువలను కట్టేసి, పూడికతీత, మరమ్మతుల వంటి పనులు చేసుకుని, ఖరీఫ్ కోసం మళ్లీ జూన్‌లో నీరు వదులుతారన్నది ఇక్కడివారికి తెలిసిన విషయమే. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీరు రాకపోతే మే నెలలో లాకుల దగ్గర అడుగున పచ్చటి మడుగులు మాత్రమే మిగులుతాయి. టోపీ తడుపుకోవచ్చని, తువ్వాలు ముంచుకోవచ్చని ఆ బొమ్మను చూసి ఆశ పెట్టుకున్న బయటి రన్నర్లు ఆ మడుగులను చూసి నిరాశపడ్డారు. దారిలో సహజంగా దొరికే నీరు ఉండదని, ఒంటి మీద పోసుకునే నీటిని కూడా వాటర్ పాయింట్ల నుంచే తీసుకోవాలని స్పష్టంగా రాయవలసింది. నదిలోకి ఎవరినీ దిగనివ్వకపోవడం మాత్రం చాలా మంచి నిర్ణయం. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. మోకాలి లోతు నీటిలో నడుస్తున్న మనిషి మరుసటి అడుగులో మునిగిపోవచ్చు. రేవు దగ్గర తాడు కట్టి, ఈత వచ్చిన స్థానిక యువకులను నిలబెట్టిన నిర్వాహకులను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

బయలుదేరిన సమయం ఉదయం ఆరు గంటలు. మే చివరలో ఇక్కడ ఐదున్నరలోపే సూర్యోదయం అవుతుంది. కొందరు ప్రముఖుల ప్రసంగాలు, జెండా ఊపడం వంటివి కాస్త సాగడంతో మొదటి అడుగు పడేసరికే ఎండ భుజాల మీదికి వచ్చింది. ఒక మోస్తరు వేగంతో పరుగెత్తేవారు ఇసుక చేరేసరికి తొమ్మిదవుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలుపెట్టాలని చాలామంది కోరగా, చీకట్లో గట్ల మీద పాముల భయం ఉంటుందని నిర్వాహకులు చెప్పారు. ఆ మాట కొట్టిపారేయదగినది కాదు. రక్తపింజర ఎక్కువగా కనిపించే నేల ఇది, చీకట్లో దాన్ని తొక్కిన మనిషికి ఎండ కంటే పెద్ద ఆపదే వస్తుంది. అయితే దీనికి పరిష్కారం దారిలోనే ఉంది. మొదటి ఏడెనిమిది కిలోమీటర్లను పుంతల్లోకి మళ్లించకుండా, కాలువ పక్కన ఉన్న తారు రోడ్డు మీదనే తలదీపాల వెలుగులో నడిపించి, తెల్లవారే వేళకు ఏటిగట్టు ఎక్కేలా చేస్తే, పాముల భయమూ తగ్గుతుంది, ఇసుక కూడా ఏడు గంటలలోపే దాటవచ్చు. కొంత ట్రయిల్ తగ్గి రోడ్డు పెరిగినందువల్ల ఈ పరుగు విలువ ఏమీ తగ్గదు.

వాటర్ పాయింట్ల గురించి రాయడం నాకు సంతోషంగా ఉంది. సుమారు ప్రతి నాలుగు కిలోమీటర్లకు ఒకటి చొప్పున పెట్టారు. వాటిలో ఎక్కువ భాగాన్ని ఆయా ఊళ్ల వారే, వేసవిలో రోడ్ల పక్కన పెట్టే చలివేంద్రాల పద్ధతిలో, తాటాకు పందిళ్ల కింద కుండలు పెట్టి నడిపారు. అన్నదానానికి పేరుపడిన డొక్కా సీతమ్మ గారి సీమ ఇది. దారిన పోయేవారిని ఆదరించడం ఇక్కడ పరుగు కోసం కొత్తగా నేర్చుకున్న పని కాదు. నేను గ్లాసు పెట్టేసి కదలబోతే ఒక పెద్దావిడ, "ఆగండి బాబూ, ఇంకో గ్లాసు మజ్జిగ పుచ్చుకోండి, ఆ ఇసకలో ఏమీ దొరకదండీ" అని ఆపారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పలుచటి మజ్జిగ, తాటి ముంజలు, అరటిపళ్లు, బెల్లం ముక్కలు, కొబ్బరి బోండాలు ప్రతి చోటా సమృద్ధిగా దొరికాయి. ఒక చోట తరవాణి కూడా ఇచ్చారు. ఖరీదైన జెల్ ప్యాకెట్లు మోసుకొచ్చిన వారు కూడా వాటిని విప్పకుండానే పరుగు ముగించారంటే ఆ ఏర్పాటు ఎంత బాగుందో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక సూచన. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో మనం ప్రధానంగా పోగొట్టుకునేది సోడియం. గంటల తరబడి చెమట పట్టే పరుగులో కొబ్బరి నీళ్లనే నమ్ముకోకుండా ఉప్పు మజ్జిగను కూడా తీసుకోవాలి. వట్టి నీళ్లను దాహానికి మించి తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలుచబడితే తలనొప్పి, వాంతి, తికమక మొదలై, ముదిరితే ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. ఈ లక్షణాలు పైకి వడదెబ్బలాగే కనిపించడం వల్ల మరికొన్ని నీళ్లు తాగించే పొరపాటు జరుగుతుంది. "తాగండి, తాగండి" అని ప్రేమతో బలవంతం చేసే మన ఊరివారికి ఈ ఒక్క సంగతి ముందుగా నేర్పాలి. దాహం వేసినప్పుడు తాగనివ్వడమే మంచిది.

రెండు పాయింట్లలో ఓఆర్ఎస్ పేరుతో ఇచ్చినవి తియ్యటి పానీయాల అట్టపెట్టెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న మిశ్రమంలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉంటాయి. ఈ కొలతలకు సరిపోని తీపి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మడాన్ని హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ప్రశ్నించగా, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల దుకాణంలో తక్కువ ధరకే దొరికే సరైన పొడిని లీటరు నీటికి ఒక ప్యాకెట్ చొప్పున కలిపి కుండల్లో పెడితే ఖర్చు తగ్గుతుంది, మేలు పెరుగుతుంది. చక్కెర ఎక్కువైన పానీయం ఎండలో కడుపులో నిలవక కొందరికి వాంతులయ్యాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. ముగింపు రేఖ దగ్గర ఒక అంబులెన్సు, ఒక వైద్యుడు, సెలైన్ సీసాలు, రెండు మంచాలు ఉన్నాయి. ఇసుక దాటి గట్టెక్కే చోట నీళ్ల కుండ, ఇద్దరు కుర్రాళ్లు తప్ప ఏమీ లేవు. అక్కడ ఒక యువకుడు తూలుతూ, అడిగిన దానికి పొంతన లేని జవాబులు చెబుతూ కూలబడిపోయాడు. చుట్టూ చేరినవారు నీళ్లు చల్లారు, విసిరారు, మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ముగింపు రేఖ వద్దకు తీసుకెళ్లారు. అదృష్టవశాత్తూ కోలుకున్నాడు. కానీ అదృష్టాన్ని నమ్ముకుని ఎండాకాలపు పరుగును నిర్వహించకూడదు.

పరుగులో వచ్చే తీవ్రమైన వడదెబ్బలో లోపలి శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మెదడు పనితీరు తప్పుతుంది. చెమట పడుతూనే ఉండవచ్చు కాబట్టి, చర్మం పొడిబారలేదు కదా అని ధైర్యపడకూడదు. మాట తడబడటం, అసందర్భంగా కోపం రావడం, నడక తూలడం గమనించాలి. అలాంటి మనిషిని ఆసుపత్రికి తరలించడం కంటే ముందు అక్కడికక్కడే చల్లబరచాలి. అరగంటలోపు ఉష్ణోగ్రతను దింపగలిగితే ప్రాణం దక్కే అవకాశం చాలా ఎక్కువ. దీనికి అన్నిటికంటే బాగా పనిచేసేది మంచు కలిపిన నీటిలో మెడ వరకు ముంచి ఉంచడం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్మత్ అనే సముద్రతీర పట్టణంలో ఆగస్టు నెలలో 7 మైళ్ల పరుగు ఒకటి జరుగుతుంది. అక్కడ 18 సంవత్సరాల రికార్డులలో 274 మందికి ఇటువంటి వడదెబ్బ తగిలిందని, ముగింపు రేఖ పక్కనే తొట్టెల్లో ముంచి చల్లబరచడం వల్ల ఒక్కరు కూడా మరణించలేదని 2015లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. దూరం చిన్నదైనా వేగంగా పరుగెత్తేవారికి వడదెబ్బ తగులుతుందని, సిద్ధంగా ఉంటే అందరినీ కాపాడుకోవచ్చని ఆ ఒక్క పరుగు నిరూపించింది.

మరి లంకలోకి తొట్టెను ఎలా చేరుస్తామని అడగవచ్చు. తొట్టె అవసరం లేదు. ధాన్యం ఆరబోసుకునే బరకం చాలు. మనిషిని బరకం మధ్యలో పడుకోబెట్టి, నలుగురైదుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, అందులో నీళ్లు, మంచు పోసి, నీరు కదిలేలా అటూ ఇటూ ఊపుతూ ఉండటం క్రీడావైద్యులు అంగీకరించిన పద్ధతే. ఒకరు తల వెనుక చేతులు వేసి ముఖం నీటి పైన ఉండేలా పట్టుకోవాలి. దాళ్వా ధాన్యం ఇళ్లకు చేరిన మే నెలలో బరకం లేని రైతు ఇల్లు గోదావరి జిల్లాల్లో కనిపించదు. మంచు సంగతి అసలు చెప్పనక్కరలేదు: రొయ్యలనూ చేపలనూ థర్మోకోల్ పెట్టెల్లో ఐసు మధ్య పేర్చి దూర ప్రాంతాలకు పంపే సీమ ఇది. ఐసు ఫ్యాక్టరీ నుంచి కొన్ని దిమ్మలు, అవే థర్మోకోల్ పెట్టెలు, నాలుగు బరకాలు, వాటిని వాడటం నేర్పిన పదిమంది యువకులు ఉంటే, ఇసుక కొసన ఒక ప్రాణరక్షణ కేంద్రం సిద్ధమవుతుంది. దీనికయ్యే ఖర్చు పతకాలకు పెట్టిన ఖర్చులో కొంత భాగమే అవుతుంది. నమ్మదగిన లోపలి ఉష్ణోగ్రత మలద్వారం ద్వారా కొలిస్తేనే తెలుస్తుంది కాబట్టి, ఆ పని చేయగల వైద్య సిబ్బంది, చుట్టూ కట్టడానికి ఒక తెర కూడా అక్కడ ఉండాలి. నుదుటికి చూపించే థర్మామీటరు అంకెను చూసి, జ్వరం లేదులే అని ఊరుకోవడం ప్రమాదకరం.

అదే ఐసు పరుగెత్తేవారికి కూడా పనికొస్తుంది. కాలిఫోర్నియాలో జూన్ చివర జరిగే వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల పరుగులో వేడి లోయలు దాటేవారు టోపీలోనూ, మెడకు చుట్టిన గుడ్డలోనూ మంచు ముక్కలు నింపుకుని వెళ్తారు. ఇక్కడ ప్రతి పాయింటులోనూ తాగడానికి చల్లటి నీళ్లున్నాయి గానీ మెడలో వేసుకోవడానికి మంచు లేదు. నేను మెడకు చుట్టుకున్న నూలు తువ్వాలును కుండ నీళ్లతో తడుపుకుంటూ వెళ్లాను. గట్టు మీద గాలికి అది బాగా పనిచేసింది, తోటల్లో అంతగా పనిచేయలేదు. వెడల్పు అంచు టోపీ, ఇసుక లోపలికి రాకుండా బూటు మీద తొడిగే గుడ్డ కవరు, అర లీటరు సీసాలు రెండు తప్పనిసరి. అంతకు మించి మోయవద్దు.

మిగిలిన ఏర్పాట్లు బాగానే ఉన్నాయి. దారి గుర్తులుగా కట్టిన ఎర్ర రిబ్బన్లు తోటల్లో చక్కగా కనిపించాయి, లంకలో రెండు చోట్ల మేకలు తినేశాయో గాలికి పోయాయో గానీ లేవు. మహిళలకు బడి ఆవరణలో మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గది శుభ్రంగా ఉంచారు. దారి మధ్యలో మాత్రం అటువంటి వసతి లేదు, ఉండాలి. ముగింపులో పెట్టిన భోజనం కమ్మగా ఉంది. పతకంతో పాటు ఒక పూతరేకుల పెట్టె ఇవ్వడం ఆత్రేయపురానికి తగిన గౌరవం.

ఈ పరుగుకు పేరు నమోదు చేసుకునే ముందు ప్రతి ఒక్కరూ తమ శరీరాన్ని వేడికి అలవాటు చేసుకోవాలి. ఏసీ గదుల్లో పనిచేసేవారు కనీసం పది నుంచి పద్నాలుగు రోజుల పాటు, రోజుకు గంట సేపు, ఎండపూట నెమ్మదిగా పరుగెత్తగలిగితే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. ముందు వారంలో జ్వరం గానీ విరేచనాలు గానీ వచ్చినవారు, కిందటి రాత్రి సరిగా నిద్ర పట్టనివారు, రక్తపోటుకు నీళ్లు లాగే మాత్రలు వేసుకునేవారు ఆ ఉదయం వైద్యుని మాట వినకుండా బయలుదేరకూడదు. మొదటిసారి ట్రయిల్ మీద పరుగెత్తాలనుకునేవారికి ఇదే దారిలో డిసెంబరు, జనవరి నెలల్లో ఏదైనా పరుగు పెడితే అందులో పాల్గొనమని చెబుతాను; కాలువ నిండుగా ఉంటుంది, గట్టు చల్లగా ఉంటుంది. మే నెల పరుగుకు మాత్రం, ఇసుక కొసన మంచు, బరకం, వైద్యుడు ఉంటారని నిర్వాహకులు రాతపూర్వకంగా తెలియజేసిన తరువాతే రుసుము చెల్లించండి.